ఐదో మలుపు దగ్గర సున్నం

మొదటి మలుపు, సోమవారం

నీ తల్లి గుండెల మీదుగా బండి పోనిచ్చి, నిన్ను గ్యాలరీలో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టమంటే కొడతావా? కొట్టనంటావు. తెలుసు. ఆ మాట మీద నిలబడతావా లేదా అన్నదే నాకు కావాలి. ఈ వారం గడిచేలోగా తేలిపోతుంది.

నేను పల్లెపోగు జక్కరయ్యను. ఆదివారం మీ ముందు నిలబడి వాక్యం చెప్పేవాణ్ణి. మిగతా రోజులు రేసు ట్రాక్‌కు తెల్లగీత దిద్దేవాణ్ణి. ఏ కాలేజీ గడపా తొక్కలేదు. అమ్మ ఒళ్ళో ఒకే గ్రంథం పెట్టుకుని అక్షరాలు దిద్దాను. ఆ గ్రంథం ఇప్పుడు కూడా నా చంకలోనే ఉంది. ఫోన్లో చెప్పిన మాట మీకన్నా ముందు కంపెనీకి వినపడుతుంది కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. నాలుగు పాలేల్లోనూ చదివి వినిపించండి.

ఈ ఉదయం మొదటి మలుపు దగ్గర పని. ఎండ సైరన్ మోగేలోపు గీత దిద్ది నీడకు చేరాలి. ఈ మలుపు కింద ఒకప్పుడు మన గొడ్లు మేసిన బీడు ఉంది. రెండో మలుపు కింద బడి. బడిగంట వేలాడిన ఇనుప స్తంభానికే ఇప్పుడు కంపెనీ జెండా కట్టారు. మూడోది ఎస్తేరమ్మక్క సున్నపు బట్టీని రాసుకుంటూ పోతుంది. నాలుగు దాటాక ట్రాక్ ఉన్నట్టుండి ఎడమకు ఒంగి, గుర్రపు లాడంలా సమాధుల చుట్టూ తిరిగి, ఆరో మలుపులో మళ్ళీ దారిన పడుతుంది. ఏడు దాటితే గ్యాలరీ. పైనుంచి చూస్తే పాడి గేదె విప్పుకుపోతూ వదిలేసిన పలుపుతాడులా ఉంటుందని ఇంజినీర్లు నవ్వుతారు. నవ్వనీ. ఆ తాడు ఎక్కడెక్కడ ఎందుకు వంగిందో మనకు తెలుసు.

ఇవాళ నాలుగో మలుపు దగ్గర ఎర్రగుడ్డలు కట్టిన కర్రలు పాతి ఉన్నాయి. ఒక కర్ర మీద కన్ను పెట్టి చూశాను. కర్రలన్నీ ఒకే వరసలో, వంకర లేకుండా, సూటిగా సమాధుల మీదుగా పోయాయి.

మూడో మలుపు, మంగళవారం

గుల్ల సున్నం తెచ్చుకోవడానికి బట్టీకి వెళ్ళాను. ఎస్తేరమ్మ మా పెద్దమ్మ కూతురు. ఉప్పుటేట్లో గుల్లలు ఏరి, కాల్చి, నీళ్ళు చల్లి సున్నం చేస్తుంది. ఓడలు ఆగిపోయి పట్నం రంగులు రాకుండా పోయినప్పటి నుంచి కంపెనీకి కూడా ఆవిడ సున్నమే దిక్కు.

"ఏరా, పీఠమెక్కితే పులివి. ఆ ఎర్రగుడ్డలు పాతేటప్పుడు యాడున్నావు?" అంది నన్ను చూడగానే.

"కర్రలే కదక్కా. కర్రలు రోజూ పాతుతుంటారు."

"పాడె కూడా కర్రలేరా."

అప్పుడే కంపెనీ ఇంజినీరు హయగ్రీవ్ వచ్చాడు. కుర్రాడు, చెడ్డవాడు కాదు. అక్కను 'అమ్మా' అని పిలుస్తాడు. ఆదివారం పెద్ద రేసుకు రెట్టింపు సున్నం కావాలన్నాడు.

"ఆదివారం తర్వాత ఇక అక్కర్లేదమ్మా. సోమవారం నుంచి నేలలో తీగలు వేస్తున్నాం. బండ్లు తీగల్ని పట్టుకుని పోతాయి. ఇంక గీతలతో పనిలేదు."

"అయితే ఆదివారం దాకా మాత్రం నీ బండ్లకి నా సున్నమే కళ్ళన్నమాట."

"అంతేగా. మీ గుల్ల తెలుపు తప్ప ఇంకో తెలుపు వాటి కంటికి ఆనదు. పైగా ప్రతి రేసు ముందూ వాటి బుర్ర కడిగేస్తాం. పాత దారి గుర్తుంటే పందెంలో మోసమని గొడవ. అందుకని ప్రతిసారీ పుట్టినట్టే బయల్దేరతాయి. గీత ఎటుంటే అటే."

కొత్తగా పాలెంలోకి వచ్చిన కోడళ్ళ కోసం చెబుతున్నాను. మనిషి చేతికి స్టీరింగు ఇవ్వడం నేరమైన ఏడాదే మా నాన్నకు లారీ పని పోయింది. ఆ తరువాత రెండేళ్ళకు ఈ ట్రాక్ పడింది. ఈ బండ్లలో కూర్చోవడానికి చోటుండదు. ముందర గాజుకన్ను, వెనక బ్యాటరీ. రెండు తెల్లగీతల మధ్య ఊపిరి బిగబట్టుకున్నట్టు పరిగెత్తుతాయి. ఏ బండి బుర్రకు ఎవడు ఎక్కువ తెలివి నేర్పాడన్నదే పందెం. ఆ బుర్రలన్నీ చేయించడానికి కంపెనీ యజమాని ధనుంజయబాబు తన ఆస్తంతా పోశాడంటారు. బండిని తట్టి పలకరిస్తాడు గానీ బట్టీలో బొబ్బలెక్కిన చేతుల్ని ఒక్కనాడూ చూడలేదు.

ఐదో మలుపు, బుధవారం

ఈ మలుపు కథ మీలో పెద్దవాళ్ళకు తెలుసు. అయినా రాస్తాను. తెలిసిన కథే ముందు మరిచిపోతాం.

కంపెనీ మొదట గీసిన ప్లానులో ఐదో మలుపు లేనేలేదు. నాలుగు నుంచి ఆరుకు సూటి దారి. అడ్డంగా మన సమాధులున్నాయి. రోడ్డు రోలర్ వచ్చిన పొద్దున మా నాన్న తరంవాళ్ళు ఆడా మగా ఎవరి పెద్దల సమాధి మీద వాళ్ళు పడుకున్నారు. రోలర్ నడిపేవాడు దిగి, ఇంజను ఆపి, బీడీ ముట్టించి, "నా వల్ల కాదు బాబూ" అన్నాడట. అప్పుడు పెద్దబాబు, అంటే ధనుంజయబాబు తండ్రి, దారిని వంచాడు. ఉచితంగా కాదు. సమాధుల పండగకు మనం గోరీలకు సున్నం వేస్తాం కదా. ఆ తెలుపు చూసి బండ్లు దారి తప్పకూడదు. అందుకని బండ్లు తిరిగే ప్రతి పూటా మన గోరీల మీద మనమే తాటాకు చాపలు కప్పాలి. ఒప్పుకున్నాం. అప్పటినుంచి ఒక్క పూట తప్పలేదు. మన దేవుడి ముందు చేసిన ప్రమాణాలు ఇంత నిష్ఠగా నిలబెట్టుకుని ఉంటే ఈపాటికి పరలోకంలో పీటలు వేసి కూర్చోబెట్టేవారు.

విచిత్రమేమిటంటే జనం టిక్కెట్టు కొనేది ఈ మలుపు కోసమే. సూటిగా ఎవడైనా పరిగెత్తుతాడు. వంగినచోట కదా బుర్ర తెలిసేది! మన చచ్చినవాళ్ళే ఈ ట్రాక్‌కు అందం తెచ్చారు.

ఇవాళ సాధనలో గాలి లేచింది. ఒక చాప ఎగిరిపోయింది. కింద మరియదాసు తాత గోరీ, పండగ సున్నం ఇంకా మెరుస్తూనే ఉంది. వస్తున్న బండి గాజుకన్ను ఒక్కసారి అటు తిరిగింది. ట్రాక్ వదిలి, గడ్డిలోకి దిగి, తాత సిలువ ముందుకు వచ్చి ఆగిపోయింది. ముందు చక్రాలు మెత్తటి మట్టిలోకి దిగి, ముక్కు నేలకు ఒంగింది. నేను కుంచె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ధనుంజయబాబు చల్లబండిలో వచ్చాడు.

"ఏమయ్యా ప్రసంగం, నా బండి చేత మోకాళ్ళ ప్రార్థన చేయిస్తున్నావా?"

"గాలికి చాప లేచింది బాబూ."

"చాపలు, గోరీలు, పండగలు! విసుగొచ్చేసిందయ్యా. చచ్చినవాళ్ళు టిక్కెట్టు కొనరు కదా. ఈ వంకర తీసేస్తున్నాను."

"పెద్దబాబుగారు మాటిచ్చారు."

"మా నాన్నని ఏట్లో కలిపేశాం. మాట కూడా ఆయనతోనే పోయింది." నా మొహం చూసి మళ్ళీ గొంతు తగ్గించాడు. "భయపడకు. రేసు అయ్యేదాకా ముట్టుకోను. ఆ తర్వాత ఒక్కొక్కటే జాగ్రత్తగా తీయించి వేరేచోట పెట్టిస్తాను. నువ్వే ప్రార్థన చేద్దువుగాని. పూలు కంపెనీ ఖర్చు."

నేను చేతులు కట్టుకుని విన్నాను. నా చేతులు నేనే కట్టుకున్నాను చూడండి.

పాలెం, గురువారం

ఇవాళ సూర్యుడు సరిగ్గా లేవకముందే ఎండ సైరన్ మోగింది. పోయినేడు సైరన్ లెక్కచేయక ముగ్గురు కుప్పకూలారు కాబట్టి మనవాళ్ళు ఒక్కరు కూడా ఆలోచించలేదు. తలుపులు వేసి, కిటికీలకు తడి గోనెలు కట్టి, పిల్లల్ని నేలమీద పడుకోబెట్టారు.

ఎస్తేరమ్మక్క మాత్రం వాకిట్లోనే నిలబడింది. "ఒరే, కోళ్ళను చూడండిరా. ఎండైతే నోళ్ళు తెరవవా? ఏదీ, ఒక్కటైనా రొప్పుతుందా? ఇది దొంగ సైరన్!"

"నీ కోళ్ళకేం తెలుసే, లోపలికి రా!" అని ఎవరో తిట్టారు. ఇంకొకరు నవ్వారు. నేనూ రమ్మనే పిలిచాను.

లోపల కూర్చుని పాట ఎత్తుకున్నాం. నేల అదురుతుంటే ఇంకా గట్టిగా పాడాం. కీర్తన మీద కీర్తన. పొక్లెయిన్ చప్పుడును మన పాటతో మనమే కప్పేశాం.

సైరన్ ఆగి బయటికి వచ్చేసరికి ఐదో మలుపు లేదు. ట్రాక్ పక్క టైర్ల గోడకు పొక్లెయిన్ పట్టేంత గండి కొట్టి లోపలికి వచ్చారు. సమాధుల నేలంతా చదును. దాని మీద చాపచుట్టలా తెచ్చి విప్పే కొత్తరకం రోడ్డు, నల్లగా, సూటిగా. గండి అవతల, ఉప్పు కయ్య ఊబి అంచున, ఒకే గుంట. పెద్దలు, పసివాళ్ళు, బాలింతగా పోయినవాళ్ళు, అందరూ ఒకే గుంటలో. మన తాటాకు చాపలు మాత్రం మడతపెట్టి ఒక పక్కన పేర్చి ఉన్నాయి. అవి కంపెనీ లెక్కలో సామాను.

ఎస్తేరమ్మక్క పోయి గుంట అంచున కూర్చుని, కొంగు తలమీదికి లాక్కుంది. అదే భరించలేకపోయాం.

ఆరో మలుపు, శుక్రవారం

కొత్త రోడ్డు అంచు దిమ్మెలకు సున్నం వేయమని నాకే పని చెప్పారు. వంగి వేస్తున్నాను. మూడో దిమ్మె మీద కుంచె ఎక్కడో పట్టుకున్నట్టయింది. వేలితో తడిమాను.

సుగుణ.

మిగతా సగం పక్క దిమ్మెలో ఉంది, తలకిందులుగా. నేనే ఉలితో చెక్కిన అక్షరాలు. చివరి 'మ్మ' వత్తు కొంచెం పక్కకు పోయిందని చెక్కిననాడు బాధపడ్డాను. ఆ పక్కకు పోయిన వత్తే నాకు నా భార్యను చూపించింది. ట్రాక్ ఊడుస్తూ ఊడుస్తూ ఎండకు పడిపోయిన మనిషి. ఇప్పుడు ఆమె పేరు మీద చక్రాలు రాసుకుంటూ పోతాయి, ఆ పేరుకు నేను తెలుపు వేసి బండ్లకు దారి చూపించాలి.

హయగ్రీవ్‌ను పిలిచి చూపించాను. మొహం తెల్లబోయింది.

"నాకు తెలీదండీ. రాళ్ళు వచ్చాయి, వేయించాను. సారు ఉన్న సామాను వాడమన్నారు."

"చదువుకున్నావు కదయ్యా. రాయి మీద పేరుంటే చదవవా?"

"బోర్లా వచ్చాయండీ," అన్నాడు. తరువాత నన్ను చూడలేకపోయాడు.

ధనుంజయబాబు దగ్గరకు పోయాను. కాళ్ళు పట్టుకోవడానికి కాదు, కళ్ళు చూడటానికి. "రాయి రాయే కదయ్యా," అన్నాడు. "ఆదివారం మధ్య సూటిదారికి గీత నువ్వే వెయ్యాలి. నీ చెయ్యి నిలకడగా ఉంటుంది."

ఉంటుంది బాబూ. చాలా నిలకడగా ఉంటుంది.

గ్రంథం తెరిచాను. పొరుగువాడి తోట మీద కన్నేసి అతణ్ణి చంపించిన రాజు కథ దగ్గర వేలు ఆగింది. ఆ రాజు నెత్తురు కుక్కలు నాకాయి. కొందరు వచ్చి, "అయ్యగారూ, పగ తీర్చడం దేవుడి పని అని మీరే చెప్పారు," అన్నారు. చెప్పాను. ఇప్పుడూ చెబుతాను. కానీ సముద్రం చీల్చిననాడు కర్ర ఎత్తింది ఎవరు? ఒక ముసలి మనిషి. దేవుడు చేతులు లేక ఆగడు గానీ, చేతులున్నవాళ్ళు జేబులో పెట్టుకుని నిలబడితే అసహ్యించుకుంటాడు.

బట్టీ, శనివారం

అక్కతో దెబ్బలాట అయింది.

నేనన్నాను, "గీత నా చేతిలో ఉంది. ఏడో మలుపు దగ్గర కొంచెం వంచితే బండ్లన్నీ నేరుగా వాడి గాజు గ్యాలరీలోకే పోతాయి. వాడి కుర్చీలోకే."

అక్క సున్నం కలిపే కర్ర నా గుండెకు ఆనించింది. "గ్యాలరీలో టీలు అమ్మేది ఎవరురా? మన రూతమ్మ కూతురు కాదా? వాడి కుర్చీ పక్క కుర్చీలో కూర్చున్న పిల్లకు నీ సుగుణ గోరీ సంగతి ఏం తెలుసు? వాడు మన శవాల్ని లెక్కపెట్టలేదని కదా నీ మంట! నువ్వు వాళ్ళ ప్రాణాలు లెక్కపెట్టవా?"

"అయితే ఊరుకోమంటావా?"

"ఊరుకోమన్నానా? నీకు వాక్యం నోటికొస్తది గానీ బుర్రకెక్కదురా. రథాలు సముద్రంలో మునిగినయ్యని ప్రతి పండక్కీ పాడిస్తావే. సముద్రం యాడుందో కనపడలా?"

చెయ్యెత్తి చూపించింది. టైర్ల గోడకు వాళ్ళు కొట్టిన గండి. దాని అవతల గుంట. గుంటకు కుడివైపున ఉప్పు కయ్య. పైకి ఎండిన పెచ్చు తెల్లగా కనిపిస్తుంది. కింద ఊబి. మన గేదెలు ఎన్నింటిని మింగిందో మీకు తెలుసు. కొమ్ములు కూడా పైకి రాలేదు.

అప్పుడు కనిపించింది నాకు. బండ్లలో మనిషి ఉండడు. ఆ వైపు గ్యాలరీ లేదు, టీ అమ్మే పిల్ల లేదు. మన పెద్దల్ని మోసుకుపోవడానికి వాడు కొట్టిన గండిలోంచే వాడి ఆస్తి, వాడి గర్వం, వాడు ముద్దుచేసిన బుర్రలు వరసగా నడిచిపోతాయి. ఎవడు తీసిన గోతిలో వాడే పడతాడు. ప్రాణం బదులు ప్రాణం అడగడం లేదు. వాడు వేటిని ప్రాణంగా చూసుకుంటాడో వాటిని అడుగుతున్నాం.

"మరి సూటిదారి మీద నేను వేసిన గీత?" అన్నాను. "అది ఉన్నంతసేపూ బండ్లు అటే పోతాయి కదా."

అక్క మొదటిసారి నవ్వింది. మడతపెట్టి పేర్చిన తాటాకు చాపల వైపు చూసింది.

ఇన్నేళ్ళూ వాళ్ళ దారి కోసం మన తెలుపు కప్పుకున్నాం. ఒక్క పూట, మన దారి కోసం వాళ్ళ తెలుపు కప్పుతాం.

ఆదివారం, పొద్దున

ఇవాళ ఆరాధన గుడిలో లేదు. నాలుగో మలుపు దగ్గర ఉంది.

వినండి, పనులు పంచుతున్నాను. పొద్దు వాలాక రేసు. నేను తెల్లవారుతూనే వాళ్ళు చెప్పినట్టే సూటిదారికి గీత వేశాను. ధనుంజయబాబు వచ్చి చూసి, "భేష్, వెంట్రుకవాసి తేడా లేదు," అని భుజం తట్టాడు. ఆ తట్టిన భుజం ఇంకా మండుతోంది. నడి మధ్యాహ్నం సైరన్ మోగుతుంది. ఈసారి నిజంది. కంపెనీ వాళ్ళంతా చల్లగదుల్లోకి పోతారు. వేడికి పగలకుండా స్తంభాల మీది కెమెరాలకు మూతలు దించుతారు. సైరన్ ఆగగానే బండ్ల బుర్రలు కడిగి వదులుతారు. నడిమి వేళ అంతా ట్రాక్ మీద ఈగ కూడా ఉండదు. ఆ వేళ మనది.

నేనొక్కణ్ణే అయితే ఆ వేళలో ఒక పక్క గీత కూడా పూర్తి కాదు. రెండు గీతలు కావాలి, నాలుగో మలుపు నుంచి గండి దాకా, గండి దాటి, గుంటను తాకకుండా కుడికి, కయ్య అంచు దాకా. నాలుగు పాలేల చేతులూ కావాలి. చిన్నపాలెం వాళ్ళు చాపలు మోయండి. పెద్దపాలెం వాళ్ళు కుంచెలు పట్టండి. ఏటిగట్టు పాలెం, గుల్లలపాలెం బట్టీ నుంచి బకెట్లు అందించండి. పిల్లల్నీ ముసలివాళ్ళనీ ఇంట్లోనే ఉంచండి. తలకు తడిగుడ్డ చుట్టుకోండి, నడుముకు నీళ్ళసీసా కట్టుకోండి. తల తిరిగినవాళ్ళు సిగ్గుపడకుండా నీడకు పోండి. పక్కవాడు ఆ కుంచె అందుకుంటాడు. మూడో మలుపు తాటిదుంగ కింద అక్క మంచినీళ్ళ కుండలు పెట్టి ఉంచింది.

హయగ్రీవ్ ఇందాక బట్టీ దగ్గరకు వచ్చాడు. చాపలు లేచి బట్టీ నీడకు చేరి ఉండటం చూశాడు. కలిపిన సున్నం చూశాడు. రెట్టింపుకు రెట్టింపు. 

"నేను మధ్యాహ్నం నిద్రపోతానమ్మా," అన్నాడు అక్కతో, వెళ్ళిపోతూ.

రేపు నేలలో తీగలు పడతాయి. రేపటి నుంచి బండ్లు మన సున్నం వైపు చూడవు. ఆ తీగల్ని వంచే కుంచె మన దగ్గర లేదు. గుంటలో ఉన్నవాళ్ళను పైకి తీసి ఒక్కొక్కరికీ మట్టి ఇచ్చుకోవాలంటే వాడు మన ముందుకు వచ్చి మాట్లాడే రోజు రావాలి. బండ్లున్నంతకాలం వాడు రాడు. బండ్లు కయ్యలో దిగిన సాయంత్రం వాటిని లాగడానికి ఆ ఊబి దారి తెలిసినవాళ్ళ కోసం మన గడపకే వస్తాడు. అప్పుడు మనం చెబుతాం. ముందు మా వాళ్ళు, ఆ తర్వాత నీ ఇనుము.

మొదట అడిగిన మాటే మళ్ళీ అడుగుతున్నాను. చప్పట్లు కొడతావా, కుంచె పడతావా?

గురువారం సైరన్ మోగితే తలుపులు వేసుకున్నాం. ఇవాళ మోగితే తెరవండి. కోళ్ళు నోళ్ళు తెరుస్తాయి, నిజంగానే ఎండ ఉంటుంది, అయినా బయటికి రండి. చదువుతున్నవాడా, ఈ కాగితం పక్కింటివాళ్ళ చేతిలో పెట్టి బకెట్టు అందుకో. రేపు అనకు. ఇవాళే. అదుగో, మోగుతోంది. లే.